నాలుగు గంటలు ఆలస్యం

దర్జీ వదిన కొట్లో నిలువుటద్దం నాలుగు గంటలు ఆలస్యంగా నడిచేది. పొద్దున్న తొమ్మిదికి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చినవాళ్ళు, అది తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగి, బయట పనులు చూసుకుని, ఒంటిగంటకు మళ్ళీ వచ్చి మడమల దగ్గర కుదిరిందో లేదో చూసుకునేవారు. మరీ తొందరున్నవాళ్ళు వీధిలో ఆగి ఉన్న కారు కిటికీలో చూసుకునేవారు. అమ్మినవాడు ముందే చెప్పాడు, "ఇది కాస్త నిదానం అమ్మా" అని. నిదానమైతే ఏం, మరక లేదు, గీత లేదు అనుకుని వదిన దాన్ని తెచ్చి కుట్టుమిషనుకు ఎదురుగా నిలబెట్టింది.

వదినకు షుగరు వచ్చి పదహారేళ్ళు. రోజూ ఎనిమిదింటికి ఇన్సులిన్ సూది పొడుచుకుని, మిషను దగ్గరే కూర్చుని రెండు రొట్టె ముక్కలూ ఒక గుడ్డూ తినేది. ఇన్నేళ్ళూ బండి సాఫీగానే నడిచింది. ఈ మూడు నెలలుగానే ఒంటి సంగతి ఆవిడకే అంతుపట్టడం లేదు. తిన్న గంటన్నరకల్లా చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు యాభైకి పడిపోయేది. కడుపేమో బండ పెట్టినట్టు నిండుగా ఉండేది. కడుపులో అంత తిండి పెట్టుకుని పడిపోవడమేమిటి? కాస్త గ్లూకోజు నోట్లో వేసుకుని తేరుకుంటే, మధ్యాహ్నానికి మూడొందలు దాటేది. మరి అంత ఎక్కణ్ణుంచి వచ్చింది? పైగా పుల్లటి తేన్పులు, వికారం, ఉబ్బరం. మొన్నొకావిడ చొక్కా బొత్తాలు కుట్టించుకోవడానికి వచ్చి, యాభై రెండేళ్ళ వదిన పొట్ట వైపు చూసి "ఎన్నో నెల?" అని అడిగి వెళ్ళింది.

భర్త లారీ మీద ఊళ్ళు తిరిగే మనిషి. ఇంట్లో ఉండేది ఆడపడుచు ఒక్కతే. పోస్టాఫీసులో ఉద్యోగం, చేతిలో ఎప్పుడూ షుగరు నోటుబుక్కు. పరగడుపున ఒక అంకె, మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఒక అంకె రాసేది. తొమ్మిదిన్నరకు ఏమవుతుందో రాయడానికి అందులో గడే గీయలేదు.

"నిజం చెప్పు వదినా, బిస్కెట్లు ఎక్కడ దాస్తున్నావు?"

"దాచుకుని తినే వయసా నాది?"

"మరి గాలి పీలిస్తే మూడొందలొస్తుందా?"

"నాకేం తెలుసే? తింటే పడిపోతోంది, ఊరుకుంటే పెరుగుతోంది. నా కడుపు నా మాట వినడం మానేసింది."

డాక్టరు మధ్యాహ్నపు అంకెలు చూసి రెండుసార్లు సూది మోతాదు పెంచాడు. రెండోసారి పెంచిన వారానికే వదిన మిషను మీద తల వాల్చేసింది. ఎవరో చూసి గ్లూకోజు పెట్టబట్టి సరిపోయింది. "తినకుండా సూది వేసుకుని ఉంటారు" అన్నాడు డాక్టరు. ఇవాళ నాలుగింటికి మళ్ళీ ఆయన దగ్గరికి వెళ్ళాలి. మళ్ళీ పెంచుతాడు. ఈసారి వాలితే లేవనేమోనని వదినకు నిజంగా భయం వేసింది.

ఆడపడుచు ఇవాళ సెలవు పెట్టింది. పొద్దున్నంతా బయట పనులు చక్కబెట్టుకుని, దొంగను పట్టేద్దామన్న పట్టుదలతో పన్నెండింటికి స్టూలు లాక్కుని అద్దం ముందు కూర్చుంది. అద్దంలో ఎనిమిదైంది. వదిన సూది పొడుచుకుంది. రొట్టె ముక్క అంచు కొరికింది.

సరిగ్గా అప్పుడే పక్కనున్న అసలు వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బకెట్టు దగ్గరికి పరుగెత్తింది. ఆడపడుచు వెళ్ళి వీపు నిమిరింది. బకెట్టులోకి చూసి ఆగిపోయింది. రొట్టె అంచు అంచులాగే ఉంది. గుడ్డు గుడ్డులాగే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే, అద్దంలో ఆ గుడ్డు ఇంకా పళ్ళెంలోనే ఉంది.

"ఇదేంటి వదినా, ఇప్పుడే తిన్నట్టుంది?"

"నాకూ అదే అర్థం కాదు" అని వదిన లోపలి గదిలోకి వెళ్ళి పడుకుంది.

ఆడపడుచు మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. ఏం వెతుకుతున్నానో తనకే తెలియకుండా మూడున్నర దాకా చూసింది. బిస్కెట్టు ఎక్కడా కనబడలేదు.

డాక్టరుకు నోటుబుక్కు ఇవ్వకుండా ముందు ఇదంతా చెప్పింది. "తొమ్మిదిన్నరకు షుగరు పడిపోవడం అద్దంలో నేను కళ్ళారా చూశాను. రోజూ నేను రాసింది సగమే సార్."

"అద్దం ఎంత ఆలస్యం?" అని అడిగాడు డాక్టరు.

"నాలుగు గంటలు."

ఆయన కాగితం మీద రాసుకున్నాడు. "ఏళ్ళ తరబడి షుగరుంటే కొందరికి కడుపు నరాలు మందగిస్తాయి. తిండి అక్కడే ఉండిపోతుంది, సూది మందు మాత్రం దాని పని అది చేసుకుపోతుంది. పరీక్ష చేయిద్దాం. ఈలోగా మోతాదు పెంచొద్దు, తగ్గిస్తున్నాను. సూది ఎప్పుడు వెయ్యాలో రాసిస్తాను. తిండి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు తినండి." పెంచడానికి తీసిన పెన్నుతోనే తగ్గించి రాశాడు.

అయిదున్నరకు కొట్టు తలుపు తీశారు. ఆడపడుచు లోపల దీపం వెయ్యడానికి వెళ్ళింది. వదిన అలవాటుగా అద్దం వైపు చూసింది. అందులో ఒంటిగంటన్నర అయింది. స్టూలు మీద ఆడపడుచు ముందుకు వంగి ఏడుస్తోంది. ఒంటిగంటన్నరకు ఆమె ఏం చూసి ఉంటుందో వదినకు తెలుసు. తొమ్మిదిన్నరకు తను కత్తెర పట్టుకుని, వేళ్ళు మాట వినక, గ్లూకోజు పొట్లం కత్తిరించలేక తంటాలు పడింది. అద్దంలో ఆడపడుచు బల్ల మీది పొట్లం అందుకుంది. పళ్ళతో చించింది. అద్దం లోపలి మనిషికి అందుతుందేమోనన్నట్టు రెండు చేతులతో ముందుకు చాపింది.

వదిన దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. వేళ్ళకు చల్లటి అద్దం తగిలింది.

"ఏం చేస్తున్నావు వదినా అక్కడ?" లోపలినుంచి ఆడపడుచు కేకేసింది.

"ఏం లేదు" అంది వదిన, కళ్ళు తుడుచుకుంటూ. "రేపు నాకు రొట్టె ఒక్క ముక్కే పెట్టు. నువ్వూ వచ్చి పక్కన కూర్చో."