మోకాలెత్తు మొక్కలు

"అడవి దానంతటదే పెరుగుతుంటే నువ్వెళ్లి చేసేదేముంది?" అన్నారు మా ఆయన, సాక్సుల కోసం చెయ్యి చాపి. మంచం మీద ఉతికిన బట్టల కుప్ప ఉంది. నేను జతలు కలుపుతున్నాను. మా ఇంట్లో సాక్సులకి జత కుదర్చడం నాకొక్కదానికే వచ్చిన విద్య. సోమవారం నుంచి పది రోజులు అడవికి వెళ్లాలనుందని చెప్పినందుకు వచ్చిన జవాబు అది. నల్ల జత అందించాను.

నేను అటవీ శాఖ లెక్కల విభాగంలో పనిచేస్తాను. ఎవరూ నాటకుండా దానంతటదే మొలిచి పెరిగే అడవి దేశం మొత్తం మీద ఎంతుంది, ముప్పై ఏళ్లలో ఎంత తగ్గింది అనే పట్టిక తయారుచేసేది నేనే. నాటిన తోటలకి వేరే గడి ఉంది. ఆ గడి ఏటేటా పెరుగుతుంది, ఆ తోటల ముందు నిలబడి ఫొటోలు దిగేవాళ్లూ ఉన్నారు. నా గడి తగ్గుతూ వస్తుంది, అదీ స్కేలు పెట్టి గీసినంత తిన్నగా. మా డైరెక్టరుగారు ప్రతి మీటింగులో ఆ గీతని తెర మీద వేసి మా లెక్క ఎంత నిలకడగా ఉందో చూడమంటారు. అడవి ఎక్కడైనా అంత తిన్నగా తగ్గుతుందా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అది నిలకడ కాదు, బద్ధకం. అడవిలో నంబర్లు వేసి పెట్టిన స్థలాలకి అయిదేళ్లకోసారి వెళ్లి చెట్లు కొలవాలి. చాలా చోట్లకి ఎవరూ వెళ్లరు. వెళ్లని చోట పాత అంకెనే కాస్త తగ్గించి వేసి, పక్కన "పాతదే" అని చిన్న అక్షరాలతో రాస్తాం. ఆ రాసే చెయ్యి నాదే, కాబట్టి తప్పులో నాకూ వాటా ఉంది.

వాటిలో నూటపదిహేడో స్థలం నేను కొలిచిందే. ఇరవై ఏళ్ల కిందట, పెళ్లయిన ఏడాది. పల్చటి సాక్సులతో వెళ్లాను, మొదటిరోజే జలగలు పట్టుకున్నాయి. దారి చూపించడానికి వచ్చిన పెద్దావిడ ఉప్పు రాసి వాటిని రాలగొడుతూ ఒకటే నవ్వు. ఆ పది రోజులూ నేను చెట్టు చుట్టూ టేపు తిప్పుతుంటే నా వెనక ఎవరూ తలుపు కొట్టలేదు, ఎవరూ టీ అడగలేదు. ఆలోచన మొదలుపెడితే చివరిదాకా సాగేది. ఇంటికొచ్చాక అత్తగారు "కాపరం చేసుకునే పిల్లకి ఆ చెట్టూ పుట్టా తిరుగుళ్లేంటి" అన్నారు. కడుపుతో ఉన్నానని కూడా అప్పుడే తెలిసింది.

తర్వాతి విడతకి పాప చిన్నది. "వచ్చేసారి వెళ్దువుగాని" అన్నారు ఈయన. ఆ తర్వాత అత్తగారి మోకాలి ఆపరేషన్. ఆ తర్వాత పాప పరీక్షలు. ఇప్పుడు పాప హాస్టల్లో ఉంది, అత్తగారు నాకన్నా చురుగ్గా మెట్లెక్కుతున్నారు. వచ్చిన చుట్టాలతో మా ఆయన గర్వంగా చెబుతారు, "మా ఇల్లు దానంతటదే నడిచిపోతుంది, ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు" అని. నేను వంటింట్లోంచి వింటూ ఉంటాను.

నాకు ఆ అడవి మీద బెంగ. ఆడవాళ్లు పుట్టింటి మీద పెట్టుకునే బెంగ లాంటిదే, కాకపోతే పుట్టిల్లయితే నలుగురికీ చెప్పుకోవచ్చు. పట్టికలో ఆ నంబరు వచ్చినప్పుడల్లా పెన్ను కాసేపు ఆపి, "పాతదే" అని రాసి ముందుకెళ్తాను. నిన్న పొద్దున బీరువా సర్దుతుంటే అప్పటి నా కొలతల పుస్తకం దొరికింది. అట్ట మీద మట్టి వేలిముద్ర కూడా అలాగే ఉంది. చివరి పేజీలో నా రాతే: "మొలకలు నలభై ఒకటి. మోకాలెత్తు. లెక్కలోకి రావు. మళ్లీ వచ్చినప్పుడు చూడాలి." మా లెక్కలో పిడికిట పట్టనంత లావైతేనే చెట్టు. ఆరోజు ఆ పెద్దావిడ వాటి మధ్యలోంచి ఆచితూచి అడుగులేస్తూ అన్న మాట ఇన్నేళ్లకి మళ్లీ వినబడింది. "వీటికి నీళ్లు పొయ్యక్కర్లేదు, కంచె కట్టక్కర్లేదు. తొక్కకుండా ఉంటే చాలమ్మా."

అవి బతికుంటే ఈపాటికి చెట్లయి ఉంటాయి, నా పట్టికలో మాత్రం లేవు. ఎవరైనా కొట్టేసి ఉంటే అదీ నా పట్టికలో లేదు. ఏదైనా సరే నా కళ్లతో చూడాలి. ఆఫీసుకి వెళ్లగానే, అడవికి ఎవరెవరు వెళ్తారో రాసే క్లర్కుని ఈ విడత జాబితా అడిగాను. నా పేరు పక్కన అప్పటికే రాసేసి ఉంది, "రారు" అని.

"మీరెప్పుడూ రారు కదా మేడమ్. అడిగి ఇబ్బంది పెట్టడమెందుకని నేనే పాతదే వేసేశాను" అన్నాడు. మంచివాడు, నా మేలు కోరే రాశాడు. జాబితా ఇవాళ మధ్యాహ్నం పైకి పోతుంది, మార్చాలంటే ఈలోపు చెప్పమన్నాడు. రాత్రంతా ఆ "పాతదే" అన్న ఒక్క మాటే మెదిలింది. ఇరవై ఏళ్లుగా నన్నూ ఎవరూ వచ్చి కొలవలేదు, పాత అంకెనే కాస్త తగ్గించి వేసుకుంటూ పోయారు.

మా ఆయన బూట్లు వేసుకుని లేచారు. "ఈసారికి కానీలే, వచ్చేసారి వెళ్దువుగాని" అన్నారు, మెత్తగానే.

"పేరు రాయించేశానండీ" అన్నాను.

ఇంకా రాయించలేదు. కానీ నోరు జారలేదు, కావాలనే అన్నాను. అన్నాక ఇక రాయించక తప్పదు.

ఆయన నా వంక చూసి, మంచం మీది కుప్ప వంక చూసి, "మరి ఇవన్నీ?" అన్నారు. నేను కుప్పలోంచి ఆయన సాక్సుల్లో అన్నిటికన్నా మందపాటి జత వెతికి తీసి, నా సంచిలో పెట్టుకున్నాను. పల్చటివైతే జలగలు ఆగవు.