మూడో గొట్టం

పొద్దున్నే మొక్కజొన్న చేలోకి వెళ్ళి, అడవిపందులు ఎంతమేర తొక్కాయో చూసి రావడం బ్రహ్మయ్యకు పళ్ళు తోముకోవడంలాంటి పనైపోయింది. బెల్లంకొండ పక్కన, కొండవాలు కింద ఉంది ఆ చేను. మొన్నటిదాకా పోయేది పంట ఒక్కటే. కిందటి వారం కలుపు తీస్తున్న అతని భార్య శేషమ్మ మీదికి ఓ మగపంది ఎగబడి తొడ చీల్చింది.

"అది మళ్ళీ వస్తది. ఈలోపే ఏదో ఒకటి చెయ్యి," అంది ఆమె ఆసుపత్రి మంచం మీద నుంచి.

ఇంట్లో తాతలనాటి లైసెన్సు తుపాకి ఉంది, మూతిలోంచి మందు కూరేది. దాని గొట్టం సన్నం. కంకుల మీద వాలే పిట్టల్ని తోలడానికి పనికొస్తుందే గాని పందిని ఆపలేదు. అటవీశాఖ అనుమతి చేతికి రాగానే, గొట్టం మార్పించడానికి దాన్ని గోనెసంచిలో చుట్టుకుని నరసరావుపేట బస్సెక్కాడు.

హజ్రా బీ దుకాణం స్ప్రేయర్లు, మోటార్లు బాగుచేసే సందులో ఉంది. మామగారి దగ్గర నేర్చిన తుపాకుల పని ఆమె ఇంకా వదల్లేదు. ఆమె దగ్గరున్న గొట్టాల మూతికి చెవి ఆనిస్తే, అవి ముందుముందు దేన్ని పడగొట్టబోతున్నాయో ఆ ప్రాణి గొంతు వినపడుతుంది. పుచ్చకాయను తట్టి చూసి కొన్నట్టు, వచ్చినవాళ్ళు చెవి పెట్టి విని, బేరమాడి తీసుకుపోతారు.

"దేనికి తమ్ముడూ?" అని అడిగింది.

"మగపందికి అక్కా. చానా పెద్దది. నీ దగ్గరున్నదాంట్లో లావు గొట్టం ఇవ్వు."

"లావైతే సరిపోద్దా ఏంది? గుండు పెద్దదయ్యేకొద్దీ మందెక్కువ పొయ్యాల. అది పందిలోంచి దూసుకుని అవతలికి పోద్ది. మరీ సన్నదైతే పంది చావదు, గాయంతో నీ మీదికే వస్తది. రా, విని చూద్దాం."

అటక మీంచి మూడు గొట్టాలు దించి, సన్నదాన్నుంచి లావుదాకా వరసగా పేర్చింది. మొదటిదాంట్లో కౌజుపిట్ట కూసింది. రెండోదాంట్లో పంది గుర్రుమంది, ఆ గుర్రు ఠక్కున తెగిపోయింది. మూడోదాంట్లోనూ పందే. కానీ అది ఆగాక, దాని వెనకాల ఎవరో దగ్గారు. పొడి దగ్గు. మళ్ళీ వచ్చి సగంలో ఆగిపోయింది.

హజ్రా బీ ఆ గొట్టాన్ని పక్కన పెట్టబోయింది. బ్రహ్మయ్య పెట్టనివ్వలేదు.

ఆ దగ్గు అతనికి తెలుసు. అది పక్క చేను సామ్యేలు దగ్గు. గట్టు కోసం రెండిళ్ళవాళ్ళూ కోర్టుకెక్కి ఏళ్ళయింది. ఆ గొడవలో సామ్యేలు బ్రహ్మయ్య తండ్రిని నలుగురి ముందు దొంగ అన్నాడు. ఆ మాట పడ్డాక ముసలాయన పోయేదాకా వీధి అరుగు మీద కూర్చోలేదు.

"ఇది నీకియ్యను," అంది హజ్రా బీ.

"నేను కొట్టేది పందినే కదక్కా."

"తెలిసినాక కొడితే పందిని కొట్టినట్టు కాదు."

గొట్టం చేతిలో చల్లగా, బరువుగా ఉంది. ఎవరూ తప్పు పట్టలేరు. పొరపాటున జరిగిందంటారు. తను పందికి గురిపెడితే చాలు, మిగతాది గుండు చూసుకుంటుంది. ఆ ఆలోచన సొంతింటి మనిషిలా వచ్చి మనసులో కూర్చుంది.

హజ్రా బీ గొట్టం లాక్కోలేదు. "చివరిదాకా విన్లేదు నువ్వు. ఇంకోసారి విను," అంది.

విన్నాడు. దగ్గు ఆగాక చాలాసేపు ఏమీ లేదు. తర్వాత సన్నగా ఓ మాట: "ఎవరది... బ్రహ్మయ్యా?" అందులో కోపం లేదు. వచ్చింది తెలిసినవాడేనన్న ధైర్యం ఉంది.

బ్రహ్మయ్య గొట్టాన్ని బల్ల మీద పెట్టి, రెండోదాన్ని చూపించాడు. హజ్రా బీ దాన్ని అతని తుపాకి పాత చెక్కకు బిగించి ఇచ్చింది.

ఊళ్ళో దిగి ఇంటికి పోలేదు. పొద్దు వాలకముందే సామ్యేలు చేలోకి నడిచాడు. పందులు దిగే దారికి సరిగ్గా ఎదురుగా మంచం వేసుకుని, సామ్యేలు కాపలాకి దుప్పటి పరుచుకుంటున్నాడు.

"మంచం ఇక్కడెయ్యొద్దు," అన్నాడు బ్రహ్మయ్య.

"నా చేలో నా మంచం. నువ్వెవడివి చెప్పడానికి?"

"రేపట్నుంచి పందికి కాపు కాస్తన్నా. నేను కొట్టేది ఇటేపే."

సామ్యేలు అతని భుజాన ఉన్న సంచికేసి చూశాడు. "హజ్రా బీ దగ్గరికి పోయొచ్చావా?"

"ఆఁ."

"ఏది తెచ్చావు?"

"మూడింట్లో నడిపిది."

"అంతకంటే లావుది లేదా?"

"ఉంది. విన్నాను."

సామ్యేలు దుప్పటి మడిచి చంకలో పెట్టుకున్నాడు. గట్టుకేసి ఓసారి చూసి, మంచానికి ఒక పక్క చెయ్యి వేశాడు.

"ఆ పక్క పట్టు," అన్నాడు.

ఇద్దరూ మంచం మోసుకుని గట్టు దాటి, బ్రహ్మయ్య మంచె వెనక్కి చేర్చారు. శనివారం తెల్లవారుతుండగా పంది పడింది. గుండు దాని ఒంట్లోనే ఆగిపోయింది.

కేసు మాత్రం ఆగలేదు. కాకపోతే ఆ తర్వాతి వాయిదాకి ఇద్దరూ ఒకే ఆటోలో వెళ్ళారు.