మడమ కింద పెడల్

“కరెంటు పెట్టెని ఒట్టి కాళ్ళతో తొక్కుతావుటే? షాక్ కొడితేనో?”

“చీమ కుట్టినంత కూడా ఉండదమ్మా,” అంది అమ్మాయి, వయొలిన్ శ్రుతి చేసుకుంటూ.

నా మనసు ఒప్పుకోలేదు. నేను కొనుక్కొచ్చిన మందపాటి రబ్బరు చెప్పులు అది వేసుకునేదాకా వదల్లేదు.

నా అసలు దిగులు మా అన్నయ్య. ఆయన వేణువు, మా అమ్మాయి వయొలిన్ ఎప్పుడూ జంట. మధ్యలో ఈ లూపర్ వచ్చింది. వాయించిన ముక్కను పట్టుకుని తిప్పి తిప్పి వినిపిస్తుంది. పోయినసారి ముక్క మీద ముక్క పేరుకుపోయి, వేణువుకి సందు దొరక్క, అన్నయ్య సగంలో లేచిపోయాడు.

“చెప్పిందే చెప్పే చిలకతో నాకేం పని అమ్మడూ? ఈసారి నాకు చోటిస్తే వాయిస్తా. లేదా ఇదే ఆఖరు,” అన్నాడు ఇవాళ మేనకోడలితో.

పోయినసారి అలా అయిందనే అమ్మాయి ఈ ఫీడ్‌బ్యాక్ పెడల్ తెచ్చుకుంది. కాలి వేళ్ళతో నొక్కితే పాత స్వరాలు అలాగే నిలుస్తాయి. మడమ దించితే తిరిగిన కొద్దీ అరిగి మాయమవుతాయి. ఎంత దించాలో కాలికే తెలియాలి. ఇంట్లో ఒట్టి కాళ్ళతోనే సాధన చేసింది.

కచేరీ మొదలైంది. స్వరాలు పేరుకుంటున్నాయి. అమ్మాయి కాలు పెడల్ మీద తడుముకుంటోంది. ఎక్కడ నొక్కుతోందో దానికే తెలియడంలేదు. ఆ చెప్పుల దళసరి అట్ట అడ్డం. అన్నయ్య వేణువు సంచీ దగ్గరికి లాక్కున్నాడు. నా చేతులారా దాని నోట్లో మట్టి కొట్టాననుకున్నాను. తెర పక్కనుంచి నా కాలి చెప్పు విడిచి, ఎత్తి చూపించాను.

అమ్మాయి చూసింది. వయొలిన్ కమాను ఆపకుండానే చెప్పు విదిలించింది. అది వచ్చి నా ముందు పడింది.

మడమ దిగింది. హోరు పలచబడింది. ఒక్కో పొరా జారిపోయి, చివరికి ఒక్క చిన్న పలుకు మిగిలింది. తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త సన్నగా. మెట్టు మీద కూర్చున్నాను, ఆ చెప్పు ఒళ్ళో పెట్టుకుని.

ఆ పలుకూ ఆగిపోయింది. అమ్మాయి కమాను దించి మావయ్య వైపు తిరిగింది. అన్నయ్య సంచీ వైపే చూస్తున్నాడు. ఇంటికెళ్ళే దారిలో దీన్నెలా ఓదార్చాలా అని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను.

అన్నయ్య సంచీని పక్కకి నెట్టాడు. అమ్మాయి ఆఖరి పలుకునే అందుకుని, వేణువుతో బదులిచ్చాడు.