గేటు దగ్గర పిన్నీసు

ఆమె మెడ దగ్గరి పిన్నీసు తీసి, ముసలి కాపలాదారు చాచిన రేకుడబ్బాలో వేసింది. ఫిరంగిగుండ్లలో మందు కూరే షెడ్డులోకి ఇనుము వెళ్లకూడదు. జడపిన్ను గానీ, చెప్పుల మేకు గానీ, ఏదైనా సరే గేటు బయటే. ఒక్క నిప్పురవ్వ లేస్తే అంతా బూడిదే. ఆ పిన్నీసు, ఇల్లు విడిచే రోజున అమ్మ తన మెడ దగ్గర నుంచి తీసి పెట్టింది.

"ఏమ్మా పసుపుకొమ్మూ, ముఖం అలా వేలాడేశావేం?"

మందు పట్టి చేతులూ ముఖమూ పచ్చబడ్డ ఆడపిల్లలందరికీ ముసలాయన పెట్టిన పేరు అదే.

"మా చెల్లి వస్తోంది తాతా, ఈ పనిలోకే. వచ్చే వారమేనట."

తప్పు తనదే. ఇంట్లో బెంగపడతారని ప్రతి ఉత్తరంలోనూ నీడపట్టున పని, కడుపునిండా తిండి, రంగు కూడా తేలానని రాసింది. యుద్ధం పుణ్యమా అని పెద్దది బాగుపడిందని అమ్మ మురిసిపోయి, రెండోదానికీ మూట కట్టేసింది.

"వద్దని రాయకపోయావా?"

"రాశాను. మందు, దగ్గు, నెత్తురు అన్నచోటల్లా ఆఫీసువాళ్లు సిరా పూసేశారు. 'ఏం రాశావో కనబడలేదు, వచ్చాక చెబుదువుగానిలే' అని జవాబు రాసింది చెల్లి."

మధ్యాహ్నం తిండి వేళ గేటు గోడకు ఆనుకుని, దగ్గు ఆపుకుంటూ మళ్లీ రాసింది. ఆఫీసువాళ్లు చెరపని మాట కావాలి, విన్న వెంటనే అమ్మ గుమ్మానికి అడ్డంపడే మాట కావాలి. నిజం అందుకు పనికిరాలేదు.

"అమ్మా, ఇక్కడ ఆడపిల్లలు చెడిపోతారు. నేనూ చెడ్డాను. ఒకడితో ఉంటున్నాను. చెల్లిని పంపకు."

ఇంతవరకూ మగవాడి ముఖంలోకి తిన్నగా చూసి ఎరగని పిల్ల. ఉత్తరం అమ్మకు చదివి వినిపించేది చెల్లే అని గుర్తొచ్చి, పెన్సిలు పట్టుకున్న పచ్చటి వేళ్లు కాసేపు ఆగాయి. తర్వాత కాగితం మడిచి, ఏం రాసిందో చెప్పి ముసలాయన చేతిలో పెట్టి షెడ్డులోకి వెళ్లింది. ఆఫీసువాళ్లు చదివి, నవ్వుకుని, ఒక్క అక్షరం చెరపకుండా పంపేశారు.

చెల్లి రాలేదు. వాన మొదలైన రోజుల్లో ఒక పొద్దున ఆమె గుండ్ల వరసల మధ్య కూలబడి మళ్లీ లేవలేదు. వచ్చి శవాన్ని తీసుకువెళ్లమని ఆఫీసువాళ్లు ఇంటికి రాశారు. చెల్లి చేతిరాతతోనే జవాబొచ్చింది: "ఆ మనిషి మాకు ఎప్పుడో చచ్చిపోయింది."

ముసలాయనకు అంతా తెలుసు. కానీ ఆయన నిజం రాసినా సిరా పూసేవాళ్లు ఉండనే ఉన్నారు. సాయంత్రం పని దిగిన పిల్లలు ఎవరివి వాళ్లు ఏరుకుని వెళ్లిపోతారు. రేకుడబ్బా అడుగున, కాస్త తుప్పు పట్టిన పిన్నీసు ఒకటి మిగిలిపోతుంది.