వెనక్కొచ్చిన అరిసెలు

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఓడరేవు కూలీల ఇళ్ళ లైన్లో పండు నడవడం మొదలుపెట్టి చాన్నాళ్ళయింది. ఆ సంగతి తెలీనిది ఒక్క పండుకే.

వాడికి ఏడాదిన్నర దాటింది. నిలబెడితే కాళ్ళు తడిగుడ్డలా వాలిపోతాయి. కానీ ఎదురింటి రామమ్మ మనవడు తొలి అడుగులేసి, వాళ్ళు లైనంతా అరిసెలు పంచినప్పుడు, పండు నాయనమ్మ జగ్గమ్మకి ముద్ద దిగలేదు. వారం తిరక్కుండా తనూ పాకం పట్టింది. "మావోడికీ అడుగులొచ్చినాయి" అని ఇంటింటికీ పంచేసింది. ఇవాళ కాకపోతే రేపు నడవడా అనుకుంది.

నడవలేదు. పండు తల్లి రోజారాణి ఆస్పత్రి ఊసెత్తినప్పుడల్లా జగ్గమ్మది ఒకటే జవాబు.

"నడిచే గుంటడికి ఆస్పత్రేటే? అరిసెలు తిన్నోళ్ళు నవ్వరేటి?"

రోజారాణి మొగుడు గురువులు తలొంచుకుని, "నానూ తిన్నాను కదే," అన్నాడు.

టీకాల దీదీ వచ్చి పిల్లలు నడుస్తున్నారా అని అడిగితే, రోజారాణి ముందుకొచ్చి "మావాడు నడవడం లేదు" అంది.

"ఎందుకు నడవడు?" గుమ్మంలోంచి రామమ్మ. "నువ్వులద్దిన అరిసె. ఈ చేత్తోనే తిన్నాను."

"కూసింత మాడింది గానీ, నడిచాడు," అంది పక్కింటావిడ.

దీదీ లైనంతా ఒకసారి చూసి, ఎక్కువమంది చెప్పిందే రాసుకుపోయింది.

ఆ సాయంత్రం దొర్లిపోయిన బంతి కోసం పండు చెయ్యి చాచి, అందక, దాన్నే చూస్తూ కూర్చుండిపోయాడు. ఆ అరిసెలు జనం కడుపుల్లో ఉన్నంతకాలం తన కొడుకు నడుస్తూనే ఉంటాడని రోజారాణికి అర్థమైంది. గిన్నె పట్టుకుని రామమ్మ ఇంటి గుమ్మమెక్కింది.

"మా అరిసెలు మాకిచ్చెయ్యి పిన్నీ."

"ఎప్పుడో తిన్నవి ఎలాగిచ్చేదే?"

"కొత్తవి వండియ్యి. వాడు నడవకముందే తినేసినారు మీరు."

రామమ్మ ఆలోచించింది. న్యాయంగానే తోచింది. రోజారాణి మిగతా ఇళ్ళలోనూ అదే అడిగింది.

మర్నాడు లైనంతా బెల్లంపాకం వాసన. అప్పట్లో తనూ తిన్న పాపానికి, అరిసెలు చేతకాని బెంగాలీ కొట్టాయన సందేశ్ మిఠాయి పొట్లం ఇచ్చాడు.

జగ్గమ్మ గిన్నెలోంచి ఒకటి తీసి కొరికింది.

"రామమ్మదేనా? పాకం ముదరబెట్టీసింది. నాను మెత్తగా ఇచ్చినాను."

"అన్నీ వచ్చేసినాయి అత్తా."

"అంటే మావోడు నడవనట్టేనా?"

"నడవనట్టే."

"మరింకా కూకున్నావేటే? పద ఆస్పత్రికి." పండుని చంకనేసుకుంది.

డాక్టరమ్మ పండు కాళ్ళు వంచి, చాపి, నిలబెట్టి చూసింది. ఎప్పుడైనా నడిచాడా అని బెంగాలీలో అడిగింది.

"నడిచినోడేనమ్మా, ఎనక్కి తీసీసుకున్నాం," అంది జగ్గమ్మ.

కాళ్ళలో పట్టు తక్కువుంది, పరీక్షలు చెయ్యాలి, వ్యాయామానికి వారం వారం తేవాలి, ఇంకా ముందే రావాల్సింది, అందామె. నెలలు పట్టొచ్చనీ, ఇప్పుడే ఏమీ చెప్పలేననీ అంది. రోజారాణి అదంతా అత్తకి తెలుగులో చెప్పింది. జగ్గమ్మ సంచిలో అరిసెల డబ్బా తడుముకుంది.

"ఎన్ని నెలలో అడగవే. అరిసెలు అన్నాళ్ళు నిలవుండవు."

రోజారాణి అడగలేదు. డాక్టరమ్మ చూపించినట్టు పండు మోకాళ్ళు పట్టుకుని, పాదాలు నేలకానించింది.

"ఇవి మనమే తినేద్దాం అత్తా. వాడు నడిచాక కొత్తవి వండుదువు."

జగ్గమ్మ మూత తీసింది. "రామమ్మవి మాత్రం నువ్వే తిను," అంది.