కనబడే కుట్టు

ఆ వీధిలో బట్ట చిరిగితే అందరూ ఆమె దగ్గరికే వస్తారు. మాసిక వేయడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆమె కుట్టిచ్చాక ఎక్కడ చిరిగిందో వేసుకునేవాళ్లకే గుర్తుండదు. అంతటి మనిషికి ఆ సాయంత్రం ఒక పిల్ల మోకాలు చూసి చెమటలు పట్టాయి.

పిల్లకు ఏడేళ్లు. ఇంట్లో పిచ్చుక అంటారు. తల్లి పోయిన మూడేళ్లకు, బస్సు డ్రైవరైన తండ్రి ఈ దర్జీ ఆమెను పెళ్లి చేసుకున్నాడు. పెళ్లై నాలుగు నెలలైంది. పిచ్చుక ఆమెను పిన్నీ అని పిలుస్తుంది, పెట్టింది తింటుంది, ఏ గొడవా చేయదు. ఏడేళ్ల పిల్ల గొడవ చేయకపోవడం అంత మంచి లక్షణమేమీ కాదు. ఆ ముక్క పిన్నికి చెప్పేవాళ్లు లేకపోయారు.

"కింద పడ్డా పిన్నీ. నేల మీద" అంది పిచ్చుక, బడి ప్యాంటు విప్పి బకెట్ పక్కన పడేస్తూ.

పిన్ని మోకాలిని కుళాయి కింద పెట్టి కడిగింది. అరచేతంత మేర చర్మం గీరుకుపోయింది. మధ్యలో కందిగింజంత ఎర్రటి చుక్క. నెత్తురు ఆగిపోయింది.

ఆసుపత్రికి తీసుకెళ్లాలేమో అని పైకే అనుకుంటుండగా పైవాటాలో ఉండే పెద్దమ్మ దిగి వచ్చింది. "దీనికి కూడా ఆసుపత్రేంటమ్మా? మోకాళ్లు పగలకుండా పెరిగినవాళ్లెవరు? గోరంతను కొండంత చేయకు" అంది. గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వెనక్కి తిరిగింది. "అయినా నీ జాగ్రత్తలో నువ్వుండు తల్లీ. సవతి తల్లివి. ఏదైనా అయితే ముందు నిన్నే అంటారు."

మందు రాయడం, మంట పెట్టడం ఆ పెద్దమ్మకు ఒకే చేత్తో వచ్చు.

పిన్ని పని ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. డాక్టరు దగ్గరికి తీసుకెళితే, దెబ్బ తగిలేదాకా ఏం చేస్తున్నావంటారు. తీసుకెళ్లకపోతే, కన్నబిడ్డయితే ఇలాగే ఊరుకునేదా అంటారు. ఆయనను అడుగుదామంటే బస్సు మీదున్నాడు, ఫోను ఎత్తడు. అరగంట సేపు ఆమె గదిలో అటూ ఇటూ తిరిగింది. ఆ అరగంటలో మోకాలి గురించి ఆలోచించింది తక్కువ, జనం గురించి ఆలోచించిందే ఎక్కువ.

చివరికి ఏమీ తోచక, ప్యాంటు నానబెడదామని చేతిలోకి తీసుకుంది. తీసుకున్న చెయ్యి ఆగిపోయింది.

నేల మీద పడితే బట్ట అరుగుతుంది. పోగులు నలిగి నూగులా లేస్తాయి, మట్టి పట్టుకుంటాయి. ఇది అరగలేదు. అడ్డంగా చిరిగి, మూల తిరిగి నిలువుగా దిగింది. ఆ మూలలో చిన్న బెజ్జం, దాని చుట్టూ ఇటుకరంగు మరక. ఇలాంటి చిరుగులు ఆమె వందల కొద్దీ కుట్టింది. మనుషులు అబద్ధం చెబుతారేమో గానీ, చిరుగు చెప్పదు.

"పిచ్చుకా, ఇది నేల కాదు. తుప్పు పట్టిన మేకు."

పిల్ల తల వంచుకుంది.

"ఎక్కడ?"

"మనింటి వెనక గేటు. ఎక్కి దూకబోయా, జారిపోయా."

"మరి నేలని ఎందుకు చెప్పావే?"

"పెద్ద దెబ్బంటే అందరూ నిన్ను తిడతారుగా. పెద్దమ్మ ఎప్పుడూ అంటుంది. తిడితే నువ్వు వెళ్లిపోతావుగా."

పిన్నికి దుఃఖం పొంగుకొచ్చింది. పెద్దమ్మ మీద కోపం వచ్చింది, అంతకు రెండింతలు తన మీదే వచ్చింది. తనను ఏమంటారోనని తను అరగంట వణికింది. పిన్నిని ఏమంటారోనని ఈ పసిది దెబ్బనే దాచుకుంది.

"ఎక్కడికి పోతానే? పద, చెప్పులేసుకో" అంది.

వీధి చివరి క్లినిక్‌లో నర్సు గాయం చూస్తూ, "ఐదేళ్లప్పటి ధనుర్వాతం టీకా వేయించారా?" అని అడిగింది.

మామూలుగానైతే పిన్ని నీళ్లు నమిలేది. "తెలీదమ్మా. నేనొచ్చి నాలుగు నెలలే" అంది.

"తెలీదని చెప్పడమే మంచిది" అంది నర్సు.

డాక్టరు ఆ ఎర్రటి చుక్కలోంచి నువ్వుగింజలో సగమంత తుప్పు పెళ్లను తీశాడు. పైపైన కట్టు కట్టేసి ఉంటే చీము పట్టేదన్నాడు. కుట్లు అక్కర్లేదు, ఒక సూది చాలన్నాడు. సూది చూడగానే పిచ్చుక వీధి వీధంతా వినేలా కేకలు పెట్టి, పిన్ని భుజం కొరికేసింది. నాలుగు నెలల్లో ఆ పిల్ల గొడవ చేయడం అదే మొదలు. భుజం మండిపోతున్నా పిన్నికి హాయిగా ఉంది.

బయటికి రాగానే ఆయన ఫోను చేశాడు. పిన్ని ఊపిరి బిగబట్టి ఉన్నదున్నట్టు చెప్పింది.

"మంచి పని చేశావు" అన్నాడాయన. "ఆ మేకు పీకేద్దామని నెల నుంచి అనుకుంటున్నా. తప్పు నాదే."

ఇంటికొచ్చాక పిచ్చుక ప్యాంటు తెచ్చి ఒళ్లో పెట్టింది. "ఎవరికీ కనబడకుండా కుట్టు పిన్నీ. నీకొచ్చుగా."

పిన్ని దారాల డబ్బా తెరిచింది. "ఏ రంగు కావాలి?"

పిల్ల కాసేపు వెతికి ఎర్రదారం తీసింది. అంతలోనే అనుమానం వచ్చింది. "నీలం బట్ట మీద కనబడిపోదూ?"

"కనబడనీ."

మర్నాడు పొద్దున పిచ్చుకను బడికి దింపడానికి వెళుతుంటే మెట్ల దగ్గర పెద్దమ్మ ఎదురైంది. మోకాలి మీది ఎర్రటి కుట్టు చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఇదేంటమ్మా, నీ పనితనమంతా ఏమైంది? చిరుగు ఊరందరికీ కనబడేలా ఉంది!"

పిన్ని నోరు తెరిచేలోగా పిచ్చుక నడుం మీద చెయ్యి వేసుకుంది.

"కనబడాలనే కుట్టింది. గేటెక్కింది నేను. అనాలంటే నన్నను, మా పిన్నిని కాదు."