అత్త తలగడ కింద ఫోను

ఫోను కిటికీలోకి తోసి, ఇత్తడి బిళ్ల తీసుకుని ఎలిశబెతు పక్కకు జరిగింది. వెనక వరుసలో ఒకామె ఫోనులో మొగుడితో తగాదాను తొందర తొందరగా ముగిస్తోంది. ఇంకొకామె వీడియో సగంలో ఉందని గేటు దగ్గరే నిలబడి చూస్తోంది. కిటికీ లోపల కూర్చునే వాచ్‌మన్ హజరత్తయ్యకు ఈ భాగోతాలు రోజూ ఉండేవే.

"ఇంగ చాలు తల్లీ, నీ మొగుడు యాడికీ పోడులే. ఇట్టా ఇయ్యి," అంటూ ఒక్కో ఫోనూ అందుకుని గూళ్లల్లో సర్దుతున్నాడు. రొయ్యల కంపెనీలో లోపలికి గాజులు పోకూడదు, ముక్కుపుడక పోకూడదు, ఫోను అసలే పోకూడదు.

నీలం టోపీలోకి జుట్టంతా దోపుకుని, మూతికి గుడ్డ కట్టుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని మందునీళ్ల తొట్టిలో అడుగు ముంచాక అందరూ ఒకేలా ఉంటారు, కళ్లు తప్ప ఏమీ కనిపించవు. బల్ల మీద ఐసు, ఐసులో రొయ్యలు. ఎడమచేత్తో ఒళ్లు పట్టుకుని కుడి బొటనవేలితో మెడ దగ్గర నొక్కితే తల ఊడివస్తుంది. తర్వాత వీపు మీది నల్లటి నరం లాగాలి. ఎలిశబెతు బొటనవేలి గోరు మధ్యకు చీలి ఏళ్లయింది. చేతి తొడుగులు ఉన్నా రొయ్యముళ్లు గుచ్చుకుంటూనే ఉంటాయి. మధ్యాహ్నానికల్లా వేళ్లు పాలిపోయి, నానిన శనగల్లా ముడతలు పడతాయి. ఈ పనికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు గానీ నడుము మాత్రం గట్టిగా ఉండాలి. నలభై ఏడేళ్ల ఎలిశబెతు నడుము ఈమధ్య గట్టిగా లేదు.

ఆ రోజు సరుకు విపరీతంగా వచ్చింది. చెరువులకు రోగం తగిలిందని రైతులందరూ ఒకేసారి పట్టేశారు. ఒక తట్ట ఖాళీ అయ్యేలోగా రెండు వచ్చి పడుతున్నాయి. పక్కన నిలబడే సాయిలక్ష్మి మాత్రం చేయి ఆపకుండా, నోరు ఆపకుండా చెబుతూనే ఉంది. ఫోను లేని చోట మనుషులు మాట్లాడుకోక ఏం చేస్తారు? సాయిలక్ష్మి ఆడబిడ్డ ఎందుకు అలిగిందో, రాత్రి వాళ్లింట్లో ఏం కూరో, వాళ్ల పిల్లి ఏ మూల ఈనిందో అన్నీ ఎలిశబెతుకు తెలుసు. తన ఇంట్లో మంచంలో ఉన్న అత్త మధ్యాహ్నం అన్నం తిన్నదో లేదో మాత్రం చాలాకాలం ఆమెకు తెలియలేదు.

ఆ ఫోను కొనిచ్చింది మొగుడు తిమోతి. రొయ్యల లారీ తోలుకుని చెన్నై అనీ కొచ్చిన్ అనీ పోతుంటాడు. కూతురు డెబోరా నెల్లూరు హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఇద్దరి మొహాలూ చూసుకోవచ్చని కొన్న ఫోను అది. మొదట్లో పాటలు వినేది, క్రైస్తవ కీర్తనలే. తర్వాత చీరలొచ్చాయి. చీరల వెనక బిర్యానీలొచ్చాయి. ఆ వెనక, ఎవరో తెలియని అత్తాకోడళ్ల కొట్లాటలొచ్చాయి. పగలంతా నిలబడి వచ్చిన మనిషి, కాస్త పడుకుని చూసుకుందామనుకోవడంలో తప్పేముంది? తప్పేమీ లేదు. పొయ్యి మీద అన్నం మాడేది, అంతే. పక్క మంచం మీద నుంచి అత్త మస్తానమ్మ ఏదో అడిగేది, ఈమె "ఊఁ" అనేది. ఏమడిగిందో తెలియకుండానే ఊఁ కొట్టడంలో ఎలిశబెతు ఆరితేరిపోయింది.

పోయిన వానలప్పుడు మస్తానమ్మ కాళ్లు వాచాయి, ఊపిరాడలేదు. నెల్లూరులో చూసిన డాక్టరు, గుండె బాగా బలహీనపడిందనీ, ఎక్కువ కాలం ఉండదనీ, ఇంటికి తీసుకుపోయి కనిపెట్టుకుని ఉండమనీ చెప్పాడు. తిరుగు ఆటో ఊరు దాటకముందే ఎలిశబెతు చేయి దానంతటదే ఫోను తీసింది. అందులో ఎవరో ఒకామె చీరల మడతలు విప్పి చూపిస్తోంది. కాసేపటికి తల తిప్పితే, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని అత్త తన వైపే చూస్తోంది. ఆ రోజు ఎలిశబెతుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. ఈమెకు మిగిలిన కాసిని సాయంత్రాలూ నేను ఈ ఫోనులో పోగొట్టేస్తానా అని ఏడుపొచ్చింది.

ఫోను అటక మీద పెట్టింది. గంట కాకముందే స్టూలెక్కి దించింది. బియ్యం డబ్బాలో దాచింది. ఆ రోజు బియ్యం రెండుసార్లు కొలిచింది. కంపెనీలో పొద్దంతా ఫోను లేకుండా ఉండగలిగిన మనిషి ఇంట్లో ఎందుకు ఉండలేకపోతోందని ఆలోచిస్తే, తేడా అంతా హజరత్తయ్యేనని తేలింది.

"అత్తా, ఇది నీ కాడ పెట్టుకో. నేను అడిగినా ఊరికే ఇయ్యబాక. ఎవురికి, ఎందుకు అని అడుగు," అంది ఓ సాయంత్రం.

"నేనేందే, మీ కంపెనీ వాచ్‌మన్ననుకున్నావా?" అని నవ్వింది గానీ మస్తానమ్మ ఆ ఉద్యోగంలో వెంటనే చేరిపోయింది.

హజరత్తయ్యనైనా బతిమాలుకోవచ్చు గానీ ఈమెను లొంగదీయడం ఎవరి తరమూ కాలేదు. డెబోరాకు అంటే తలగడ కింద నుంచి తీసి ఇచ్చేది, మాట అయిపోగానే చేయి చాపేది. కరెంటు పోయింది, వెలుతురు కోసం అంటే "కొవ్వొత్తి గూట్లో వుండాది" అనేది. "ఊరికే అత్తా, చూద్దామని" అని ఓసారి నిజమే చెప్పేసింది ఎలిశబెతు. "ఊరికేకి ఇయ్యను," అంది ముసలామె. నోటితో చెప్పాల్సి వచ్చేసరికి చాలా పనులు అసలు పనులే కావని ఎలిశబెతుకు తెలిసివచ్చింది. మొదట్లో చేతులు ఊరుకునేవి కావు, ఊరికే గుడ్డలు మడతపెట్టేది. మెల్లమెల్లగా మాటలు మొదలయ్యాయి. ఉప్పు కయ్యల్లో తట్టలు మోసి మస్తానమ్మ అరికాళ్లు ఎట్లా పగిలిపోయేవో, చర్చిలో మామ గొంతెత్తితే పాస్టరుగారు పాట ఎందుకు ఆపేసేవారో, పాతికేళ్లు ఒకే ఇంట్లో ఉండి ఈ కోడలు ఇప్పుడే వింటోంది.

విపరీతంగా సరుకొచ్చిన ఆ రోజు సాయంత్రం కంపెనీ వ్యాను దిగేసరికి చీకటి పడుతోంది. దారిలో చూసుకోవడం తనకోసం తాను మిగుల్చుకున్న సందు, దాన్ని ఎలిశబెతు పూర్తిగా వాడుకుంది. అత్తాకోడళ్ల వీడియో మంచి పట్టులో ఉండగా ఇల్లొచ్చింది. నడుము రెండుగా విరిగినట్టుంది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడే ఓపిక లేదు. ఈ ఒక్క పూటకు అత్త అడగకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకుంటూనే ఫోను అత్త వైపు చాపింది.

మస్తానమ్మ అందుకోలేదు. కోడలి మొహంలోకి చూసింది.

"మొకం ఎట్టా పీక్కపోయిందో చూడు. ఈ పూటకు నీ కాడే పెట్టుకో. చూసుకోని పండుకో పో. నేనేమీ అనుకోన్లే."

అని గోడవైపు తిరిగి పడుకుంది, కోడలికి మొహమాటం లేకుండా. ఎలిశబెతు ఫోను వెలిగించింది. వీడియో ఆగిన చోటే అందులోని కోడలు చేయెత్తి నిలబడి ఉంది. ఒక్క పూటే కదా. అడిగేవాళ్లు కూడా లేరు. గోడవైపు తిరిగిన వీపు ఊపిరికి ఎగిరెగిరి పడుతోంది. అంత కష్టపడి ఊపిరి పీలుస్తూ తనకు సెలవిచ్చిందే అనుకునేసరికి ఎలిశబెతుకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫోను ఆర్పి అత్త తలగడ కిందికి తోసింది.

"ఏమ్మే?"

"ఊరికేకి వద్దులే అత్తా. ఏం తింటావు చెప్పు."

ముసలామె ఇటు తిరిగింది. "ఎండ్రొయ్యల పొడి చేస్తావా?"

"డాక్టరు ఉప్పు వద్దన్నాడు గదా."

"ఉప్పు మోసి బతికినదాన్ని. ఉప్పు లేకుండా పొమ్మంటాడా?"

పొద్దుటి నుంచి రొయ్యల్లోనే ఉండి, ఆ వాసనంటేనే మొహం మొత్తింది ఎలిశబెతుకు. అయినా ఎండ్రొయ్యలు వేయించింది, మిరపకాయలూ తెల్లగడ్డా వేసి దంచింది, వేడి అన్నంలో కాస్త నూనె చుక్క వేసి కలిపి గిన్నెలో తెచ్చింది. చాలా రోజుల తర్వాత మస్తానమ్మ తన చేత్తో తాను తిన్నది. రెండు ముద్దలు తిని, వేళ్లు నాకి, "ఇదీ కూడంటే," అంది. "ఇంగ ఊపిరి రాలా. మిగిలింది మూత పెట్టిపెట్టు, పొద్దన తింటా. పారెయ్యబాక."

ఎలిశబెతు గిన్నె స్టూలు మీద పెట్టి, మంచం దగ్గర చాప వేసుకుని అత్త కాళ్లు చేతుల్లోకి తీసుకుంది. వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉంటోంది. మెల్లగా రాస్తూ కూర్చుంది.

"నువ్వు కోడలిగా వచ్చిన రోజు నాకు బలే భయమేసిందే," అంది మస్తానమ్మ, కళ్లు మూసుకునే.

"నన్ను చూసా?"

"నువ్వు పదో తరగతి చదివినావు. నేను ఏలిముద్ర. ఈ పిల్ల నాతో ఏం మాట్లాడతాదిలే అనుకున్నా." కాసేపు ఊపిరి తీసుకుంది. "మాట్లాడతానే వుండావు పాపం, ఇప్పుడు."

ఎలిశబెతు ఏదో చెప్పబోయింది. చెప్పిందో లేదో ఆమెకే తెలియదు. అత్త కాళ్ల మీద చేయి పెట్టుకునే నిద్రపోయింది.

వ్యానుకు పోయే వేళకు మెలకువ వచ్చింది. చేతి కింద పాదం చల్లగా ఉంది. లేచి చూసింది. మస్తానమ్మ మొహం ప్రశాంతంగా, కోడలు పడుకున్న వైపుకే తిరిగి ఉంది. ఎలిశబెతు ఆమె నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి సర్ది, దుప్పటి గుండెల దాకా లాగి, తలగడ కింద చేయి పెట్టి ఫోను తీసింది. తీసి, అలాగే ఆగిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

"తిమోతికి అత్తా," అంది. మళ్లీ అంది. "తిమోతికి. నువ్వు పోయినావని చెప్పాల."

అప్పుడు నంబరు నొక్కింది. అవతల ఎక్కడో ఏ రోడ్డు మీదో ఫోను మోగుతూనే ఉంది. మంచం పక్కన స్టూలు మీద, మూత పెట్టిన గిన్నెలో, మస్తానమ్మ పొద్దున తింటానన్న అన్నం ఉంది.